దేవుడి పేరు రాసేముందు: ఒక తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసాలూ, ఆ కథా చదివాను. లేటయింది, ఏమనుకోకు. బైబిల్ బాగా చదువుతావని తెలుస్తోంది, భాష కూడా బానే ఉంది, అచ్చుతప్పుల సంగతి తర్వాత చూద్దాం. ఈ ఉత్తరం మాత్రం ఒక్కదాని గురించే రాస్తున్నా, అది సర్దుకుంటే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. రాతలో నువ్వు దేవుడి పేరు వాడుతున్న తీరు.

మొదటి వ్యాసంలో మొదటి వాక్యమే చూడు. "దేవుని మహాకృపను బట్టి దేవుడు నాకిచ్చిన ఈ తలంపును దేవుని బిడ్డలైన మీతో పంచుకునే భాగ్యమిచ్చిన దేవునికే స్తోత్రం." ఒక్క వాక్యంలో దేవుడు నాలుగుసార్లు వచ్చాడు, కానీ ఆయన గురించి చదివేవాడికి తెలిసింది ఏమీ లేదు, నువ్వు గొంతు సవరించుకున్నావు అంతే. మైకు ముందు నిలబడినప్పుడు మనందరికీ నోట్లోంచి వచ్చేసే మాటలే ఇవి, చెడ్డ మాటలేం కావు, మనిషి ఎదురుగా నిలబడి చెప్తుంటే అతని ముఖం, గొంతు వాటికి కాస్త ప్రాణం పోస్తాయి, కాగితం మీద ఆ ముఖం ఉండదు కదా, అక్షరాలే మిగుల్తాయి. నేనైతే ఆ వాక్యం మొత్తం కొట్టేసి నీ రెండో వాక్యంతో మొదలుపెడతా. "నాన్నని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళాక నాకు ప్రార్థన రాలేదు." చూశావా, ఇందులో దేవుడి పేరే లేదు, కానీ చదివేవాడు వెంటనే నీతో పాటు ఆ వరండాలో కూర్చుంటాడు.

"నీ దేవుడైన యెహోవా నామమును వ్యర్థముగా నుచ్చరింపకూడదు" అని నిర్గమకాండం 20:7 మనకి సండే స్కూల్ నుంచీ కంఠతా వచ్చు. దాని అర్థం ఏంటంటే "ఓ మై గాడ్" అనకూడదు, కోపంలో "జీసస్" అని అరవకూడదు అని చెప్పి ఊరుకుంటారు చాలామంది. అదీ నిజమే, కాదనను, పెద్దాయన పేరుని కాలికి రాయి తగిలినప్పుడు వాడుకోవడం మర్యాద కాదు. కానీ 1529లో ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ రాసిన చిన్న కాటెకిజం (విశ్వాసాన్ని ప్రశ్నలూ జవాబులుగా నేర్పే పుస్తకం) చూడు (అందులో పది ఆజ్ఞల్లో ఇది రెండోది, లూథరన్లూ కేథలిక్కులూ లెక్కపెట్టే పద్ధతి వేరు, అంతే). శపించడం, ఒట్లు వేయడం, మంత్రతంత్రాలు చేయడం అన్నాక అదే వరసలో ఆ పేరు పెట్టుకుని అబద్ధమాడటం, మోసం చేయడం కూడా పెట్టాడు. ఆ వెంటనే ఇంకో వైపు కూడా చెప్పాడు, ప్రతి కష్టంలోనూ ఆ పేరు పట్టుకుని పిలవాలి, ప్రార్థించాలి, స్తుతించాలి, థాంక్స్ చెప్పాలి అని. 1563 నాటి హైడెల్‌బర్గ్ కాటెకిజం అయితే పక్కనోడు ఆ పేరుని అవమానిస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం కూడా అందులో భాగమే అంటుంది. రాసేవాళ్ళకి ఎక్కువ ప్రమాదం తిట్లతో కాదు తమ్ముడూ, మనలాంటోళ్ళు ఎలాగూ బూతులు రాయం. మన ప్రమాదమంతా ఆ అబద్ధం దగ్గరే.

నీ రెండో వ్యాసంలో "ఈ తరం యువతతో దేవుడు చెప్తున్నాడు, మీ ఫోన్లు పక్కన పెట్టండి" అని రాశావు. ఫోన్ల గురించి నువ్వన్నది మంచి మాటే, నేనూ ఒప్పుకుంటా. కానీ అది నీ అభిప్రాయం. దాని కింద దేవుడి పేరు రబ్బర్ స్టాంపులా కొట్టేశావు, అది కొట్టాక చదివేవాడు ఇంక నీతో వాదించలేడు, వాదిస్తే దేవుడితో వాదించినట్టవుతుంది. నీ వాదనలో బలం లేని చోట ఆ పేరు తెచ్చి నిలబెట్టావని నాకనిపించింది. వ్యర్థంగా ఉచ్చరించడం అంటే ఇంతకన్నా ఏం కావాలి?

యిర్మీయా 28వ అధ్యాయం ఇంకోసారి చదువు, ఈసారి రాసేవాడిలా చదువు. బబులోను రాజుకి లొంగి ఉండాలని చూపించడానికి ప్రవక్త యిర్మీయా మెడమీద చెక్క కాడి వేసుకుని తిరుగుతున్న రోజులవి. హనన్యా అనే ఇంకో ప్రవక్త దేవాలయంలో, యాజకులూ జనమంతా చూస్తుండగా "యెహోవా ఈలాగు సెలవిచ్చుచున్నాడు" అని మొదలుపెట్టాడు, యిర్మీయా వాడే మాటే, ఒక్క అక్షరం తేడా లేదు. రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుంది, దేవాలయం సామాన్లన్నీ తిరిగొచ్చేస్తాయి అన్నాడు. జనం వినాలనుకున్నది అదే. యిర్మీయా ఏమన్నాడు? ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు, కాకపోతే శాంతి వస్తుందని చెప్పే ప్రవక్త మాట నిజమో కాదో అది జరిగినప్పుడు తెలుస్తుంది అని కలిపాడు. హనన్యా యిర్మీయా మెడమీదున్న ఆ కాడి తీసి విరగ్గొట్టేశాడు, అందరి ముందూ. అప్పుడు యిర్మీయా నిజం ప్రవక్త అయ్యుండి, తప్పు హనన్యాదని తెలిసుండి, "లేదు, యెహోవా చెప్పేది వేరు" అని అక్కడికక్కడే ఎదురు చెప్పలేదు. వెళ్ళిపోయాడు. వాక్యంలో అంతే ఉంటుంది, వెళ్ళిపోయెను అని. తర్వాత ఆయనకి మాట వచ్చింది, అప్పుడు మళ్ళీ వచ్చి చెప్పాడు, చెక్క కాడి పోయి ఇనుప కాడి వస్తుందని. హనన్యా అదే ఏడాది ఏడో నెలలో చనిపోయాడు. నాకు ఆ అధ్యాయంలో అన్నిటికన్నా గట్టిగా తగిలేది ఆ వెళ్ళిపోవడమే, పోటీలో గెలవడానికి దేవుడి పేరు వాడుకోవడం ఆయనకి క్షణంలో పని, పైగా జనం చూస్తున్నారు, పరువు పోయింది, అయినా ఇవ్వని మాట చెప్పలేదు.

పౌలు కూడా అంతే జాగ్రత్త. 1 కొరింథీయులకు 7వ అధ్యాయంలో పెళ్ళిళ్ళ గురించి రాస్తూ ఒకచోట నేను కాదు ప్రభువే ఆజ్ఞాపిస్తున్నాడు అంటాడు, రెండు వచనాల తర్వాత ప్రభువు కాదు నేనే చెప్తున్నాను అంటాడు, ఇంకాస్త కిందికెళ్తే ఈ సంగతిలో ప్రభువు ఆజ్ఞ నాకు లేదు, నా ఉద్దేశం చెప్తున్నా అంటాడు. అపొస్తలుడే ఏది ఎవరిదో గీత గీసి చూపిస్తుంటే మనకి ఆ గీత ఎందుకు బరువు? "నాకనిపిస్తోంది" అని రాయడానికి సిగ్గుపడకు. ఆ మాటతో నీ విశ్వాసం తగ్గిపోదు.

ఇక ఆ ప్రార్థనల సంగతి. వ్యాసం చివర రాసిన ప్రార్థనలో "తండ్రీ ప్రభువా ఈ సమయమున ప్రభువా మమ్మును దీవించుము ప్రభువా" అని ఉంది, అక్కడ ప్రభువా అన్నది కామా పని చేస్తోంది. యేసు నేర్పిన ప్రార్థన మత్తయి 6లో చూడు, తండ్రీ అని పిలిచేది మొదట్లో ఒక్కసారే, ఆ తర్వాత మొట్టమొదటి మనవి ఆ నామం పరిశుద్ధపరచబడాలనే, రొట్టె అడగడం దాని తర్వాతే. లూకా 18లో పరిసయ్యుడూ (ధర్మశాస్త్రం కచ్చితంగా పాటించేవాడు) సుంకరీ (పన్నులు వసూలు చేసేవాడు) ఇద్దరూ ఒకే దేవాలయానికి వెళ్ళారు, ఇద్దరూ "దేవా" అనే మొదలుపెట్టారు. పరిసయ్యుడు అలా పిలిచి, ఆ వెంటనే తన ఉపవాసాలు, తన దశమభాగాలు ఏకరువు పెట్టాడు. సుంకరికి అంత మాట్లాడే ఓపిక కూడా లేదు, "దేవా, పాపినైన నన్ను కరుణించుము", అయిపోయింది. నువ్వు రాసిన ప్రార్థన ఎవరి దగ్గరికి చేరుతోంది, దేవుడికా, చదివేవాళ్ళకా, చూసుకో.

అలాగని అన్నీ పాలిష్ చేసి, భయంభయంగా రాయమనట్లేదు. యోబు స్నేహితులు దేవుణ్ణి గురించి ఎంత పద్ధతిగా మాట్లాడారో చూడు, ఎక్కడా ఒక్క మాట తేడాగా ఉండదు, యోబేమో ఆయన్ని కోర్టుకి లాగినంత పని చేశాడు. చివరికి దేవుడు కోప్పడింది స్నేహితుల మీద, మీరు నా సేవకుడైన యోబులా నా గురించి యుక్తంగా పలకలేదని (42:7). 88వ కీర్తన చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, అందులో ఓదార్పు వెతికితే దొరకదు, కానీ అదంతా ఆయన్నే పిలుస్తూ ఆయనకే చెప్తున్నాడు. నాన్న ఆపరేషన్ వ్యాసంలో నీకు దేవుడి మీద కోపం వచ్చిందని రాసి, మళ్ళీ వెంటనే "అయినా ఆయన చిత్తం" అని సర్దేశావు కదా, ఆ రెండిటి మధ్య ఇంకో పేరా రావాలి, అక్కడ నువ్వు నిజంగా ఏమన్నావో రాయి.

కథ గురించి. నీ విలన్ దేవుణ్ణి దూషించే సీన్‌లో ఆ మాటలన్నీ పూర్తిగా రాశావు, "రియలిస్టిక్‌గా ఉంటుందని" అన్నావు. మత్తయి 26లో శిష్యుడు పేతురు యేసు ఎవరో తెలియదని బొంకే చోటు చూడు. "ఆ మనుష్యుని నేనెరుగను" అన్నది ఉంది, శపించడానికీ ఒట్టు పెట్టుకోవడానికీ మొదలుపెట్టాడని ఉంది, ఆ శాపం ఏంటో, ఆ ఒట్టు ఎవరి మీదో మాత్రం లేదు. వెంటనే కోడి కూసింది. ఆ మాటలు లేకపోవడం వల్ల ఆ సీన్ ఏమైనా వీక్ అయ్యిందా? లేవీయకాండం 24లో శిబిరంలో గొడవపడి నామాన్ని దూషించిన వాడి మాటలు కూడా అంతే, ఏమన్నాడో రాయలేదు. నీ క్యారెక్టర్ మాటకి ముందు "దేవుడి తోడు" అనేవాడైతే అనిపించు, అది వాడి గురించి ఏదో చెప్తోంది, అబద్ధాలకోరుకే ఒట్లు ఎక్కువ కావాలి. కానీ ప్రతి పాత్రా ఒట్లేస్తుంటే దానికి విలువుండదు.

ఒకటి మాత్రం తప్పుగా అర్థం చేసుకోకు, పేరు ఎంత తక్కువ రాస్తే అంత భక్తి అని నేననట్లేదు. రూతు 2లో బోయజు అనే ఆసామి తన పొలానికొచ్చి కోత కోసేవాళ్ళని యెహోవా పేరుతోనే పలకరిస్తాడు, వాళ్ళూ అదే పేరుతో తిరిగి దీవిస్తారు, పని మధ్యలో, చెమటలు కక్కుతూ. నాకది ఎంతో సహజంగా ఉంటుంది. అదే హీబ్రూలో ఎస్తేరు పుస్తకమంతా వెతికినా దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు, రాజుకి ఆ రాత్రి నిద్రపట్టకపోవడం దగ్గర ఎవరి చెయ్యి ఉందో మాత్రం చదివేవాడికి తెలిసిపోతుంది. రెండూ బైబిల్లోనే ఉన్నాయి. నీ కథకి ఏది సరిపోతుందో నువ్వే చూసుకోవాలి, నేను చెప్పలేను.

చివరగా కాస్త కటువుగా ఒకటి. మూడో వ్యాసంలో రెండు పేరాలు నీవి కావు. వేరేవాళ్ళ రాతలో నేను చదివినవే, అక్కడక్కడా మాటలు మార్చావు, కింద "సమస్త మహిమ ప్రభువుకే" అని పెట్టావు. జర్మన్ సంగీతకారుడు బాక్ తన స్వరాల చివర దేవునికే మహిమ అని పొడి అక్షరాల్లో రాసుకునేవాడు, ఆ స్వరాలు మాత్రం కూర్చుని కష్టపడి తనే కట్టినవి. సామెతలు 30లో ఆగూరు అనే ఆయన తనకి పేదరికం వద్దని అడుగుతూ చెప్పిన కారణం ఏంటంటే, దొంగతనం చేసి నా దేవుడి నామాన్ని దూషిస్తానేమోనని. దొంగతనాన్నీ ఆ పేరునీ ఆయన ఒకే వాక్యంలో పెట్టాడు. వేరేవాళ్ళ పేరా తీసుకుంటే వాళ్ళ పేరు రాయి, లేదా తీసెయ్. "ఆమెన్ అని టైప్ చేస్తే ఈ వారం ఆశీర్వాదం" అని పోస్టులు పెట్టేవాళ్ళని నువ్వే ఎగతాళి చేశావు కదా, ఇది దానికన్నా చిన్నదేం కాదు.

ఇప్పుడు పని. మొదటి వ్యాసంలో దేవుడు, ప్రభువు అన్న ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టు. ఆ మాట తీసేసి వాక్యం చదువు, అర్థం ఏం మారకపోతే అక్కడ వద్దు, మారితే అట్టే ఉంచు. రెండో దాంట్లో ఆ ఫోన్ల పేరా "నాకనిపిస్తోంది" అని మొదలుపెట్టి తిరగరాయి, అప్పుడు నీకు కారణాలు వెతుక్కోవాల్సి వస్తుంది, ఆ పేరా పెద్దదవుతుంది, కానివ్వు. మూడోది ఇప్పటికి ఎవరికీ పంపకు. కథలో తాత భోజనం ముందు చేసే చిన్న ప్రార్థన మాత్రం ముట్టుకోకు, అందులో ఆయన పిలిచింది ఒక్కసారే, అడిగింది మనవడి జ్వరం తగ్గాలని, అది బాగుంది. మార్చినవి పంపు, ఈసారి లేట్ చేయను.

వందనాలతో,
మీ అన్న