తోక చీలిన ఆ నల్ల పిట్ట పసులపోలిగాడు

కరెంటు తీగ మీద కూర్చుని కాకులను తరుముతున్న, తోక చీలిన నల్ల పిట్ట కోకిలేనా అని అడిగారు. కానే కాదు. కోకిల గుబురు కొమ్మల్లో దాక్కుంటుంది, దాని తోక చీలి ఉండదు. పైగా కాకులే దాన్ని తరుముతాయి. మీరు చూసింది పసులపోలిగాడు. పుస్తకాల్లో నల్ల ఏట్రింత అని రాస్తారు. ఈసారి దగ్గరగా వాలితే నోటి మూల చిన్న తెల్లచుక్క కోసం చూడండి. నల్లగా ఉన్న ప్రతి పిట్టనూ కాకి, కాకపోతే కోకిల అనేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

మా ఊరి ఇంటి వెనక వేపచెట్టు మీద ఎండాకాలంలో ఇది గూడు కట్టేది. ఒక మధ్యాహ్నం కోడిపిల్లల కోసం గద్ద దిగింది. నాయనమ్మ చీపురు అందుకునేలోపే పైకొమ్మ నుంచి ఈ పిట్ట రాయిలా వచ్చి గద్ద వీపు మీద పడింది. గద్ద పక్కకు ఒరిగితే మళ్లీ వచ్చి మెడ మీద పొడిచింది. చెరువుగట్టు దాటేదాకా వెంటాడి, తిరిగి వచ్చి అదే కొమ్మ మీద వాలింది. తోకతో కలిపి కొలిచినా దాదాపు 28 సెంటీమీటర్లే ఉండే పిట్ట! అదే చెట్టు కింది కొమ్మల్లో గువ్వలూ పిగిలిపిట్టలూ గూళ్లు పెట్టుకునేవి. కాకులు అటు రావని వాటికి బాగా తెలుసు.

రైతుకు ఇంతకు మించిన తోడు లేదని నా నమ్మకం. గేదె వీపు ఎక్కేది సరదాకు కాదు, అది మేస్తూ కదిలినప్పుడు గడ్డిలోంచి లేచే మిడతల కోసం. శనగ చేలో పచ్చపురుగు పడితే ఏరుకుని తినే పిట్టల్లో ఇదీ ఒకటి. అందుకే పక్షులు వాలడానికి చేలో పంగల కర్రలు పాతమని వ్యవసాయ అధికారులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మా బంధువులు మాత్రం పురుగు కనబడగానే మందుల దుకాణానికి పరిగెత్తి, అక్కడ ఇచ్చిన రెండు మూడు మందులు కలిపి కొడతారు. పురుగుతో పాటు పిట్ట తిండీ పోతుంది. ఖర్చు లేని కర్ర పాతడానికి ఎందుకంత బద్ధకమో! జొన్న చేలో అయితే గింజ పాలుపోసుకునే వేళకు ఆ కర్రలు తీసేయాలి, లేకపోతే గింజలు తినే పిట్టలకు అవే ఆసరా అవుతాయి.

కాకులను అంత పట్టుదలగా తరుముతోందంటే మీ ఇంటి దగ్గరే గూడు ఉండి ఉంటుంది. తీగలకు తగులుతున్నాయని వానలకు ముందు కొమ్మలు నరికించేస్తారు, సరిగ్గా ఇవి పొదిగే రోజుల్లోనే. గుడ్డు పిల్ల కావడానికి సుమారు 15 రోజులు, ఆ పిల్ల ఎగరడానికి ఇంకో మూడు వారాలు వేసుకోండి. అప్పటిదాకా మీ వీధిలో ఎవరినీ ఆ కొమ్మ జోలికి వెళ్లనివ్వకండి.