యూపీఎన్‌పీ (ఒకే నెట్‌వర్క్‌లోని డివైసులు ఒకదాన్నొకటి కనుక్కునే పద్ధతి) లైబ్రరీలో సెర్చ్ కాల్ చేయగానే డివైస్ లిస్ట్ ఖాళీగా ఎందుకు వస్తుంది?

ఎందుకంటే చాలా లైబ్రరీల్లో సెర్చ్ ఫంక్షన్ ప్రశ్నను పంపి వెంటనే తిరిగి వచ్చేస్తుంది, జవాబుల కోసం ఆగదు. చాలా డాక్యుమెంటేషన్లలో ఒక లైన్ ఉదాహరణ ఇచ్చి వదిలేస్తారు, అక్కడే అందరూ తికమకపడతారు.

లోపల జరిగేది ఇదీ: లైబ్రరీ 239.255.255.250 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కి (ఒకేసారి చాలా డివైసులకు చేరేది), 1900 పోర్ట్‌కి ఎం-సెర్చ్ అనే యూడీపీ మెసేజ్ (చేరిందో లేదో సరిచూసుకోకుండా పంపేది) పంపుతుంది. అందులో ఎంఎక్స్ అనే హెడర్ ఉంటుంది. దాని విలువ 3 అయితే ప్రతి డివైసూ 0 నుంచి 3 సెకన్ల లోపు తనకు తోచిన క్షణంలో బదులిస్తుంది, అన్నీ ఒక్కసారిగా మీద పడకుండా. ఆ జవాబులో డివైస్ పూర్తి వివరాలు ఉండవు, అవి ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్ ఎక్కడుందో చెప్పే లొకేషన్ ఉంటుంది. దాన్ని హెచ్‌టీటీపీలో తెచ్చుకుని చదివాకే డివైస్ పేరు మీ చేతికొస్తుంది.

కాబట్టి లిస్ట్‌ని వెంటనే చదవకండి. లిజనర్ (జవాబు వచ్చినప్పుడల్లా లైబ్రరీ పిలిచే మీ ఫంక్షన్) పెట్టి, డివైస్ దొరికినప్పుడల్లా కలుపుకుంటూ పొండి. యూడీపీ ప్యాకెట్ దారిలో పోవచ్చు, అందుకే సెర్చ్‌ని రెండు మూడుసార్లు పంపడం మంచిది.

ఎంతసేపు ఆగినా ఏమీ రాకపోతే ఫైర్‌వాల్ చూడండి. 1900 ఒక్కటే తెరిస్తే చాలదు: జవాబు వచ్చేది సెర్చ్ ఏ పోర్ట్ నుంచి బయల్దేరిందో ఆ పోర్ట్‌కే. గెస్ట్ వైఫైలో ఉన్నారేమో కూడా చూసుకోండి, అక్కడ సాధారణంగా ఒక డివైస్‌కి ఇంకొకటి కనపడదు.