ఎంఎస్ ప్రాజెక్ట్‌లో సీపీఐ 1.00 దగ్గరే ఆగిపోతే

విశాఖ మధురవాడ అపార్ట్‌మెంట్ డేటాతో చేస్తున్న మీ ఎంటెక్ థీసిస్‌లో సీపీఐ (చేసిన పని విలువను అయిన ఖర్చుతో భాగిస్తే వచ్చే అంకె) ఏ నెలా కదలట్లేదంటే, అసలు ఖర్చు మీరు ఇవ్వట్లేదన్నమాట. ఎంఎస్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేరే దాన్ని ప్లాన్ రేట్లతో లెక్కేసుకుంటోంది. అందుకే ఎర్న్డ్ వాల్యూ (పూర్తయిన పనికి ప్లాన్ ప్రకారం విలువ), యాక్చువల్ కాస్ట్ (అసలు అయిన ఖర్చు) ఒకటే అయిపోతున్నాయి.

1. ముందు బేస్‌లైన్ (పోల్చుకోవడానికి దాచుకునే అసలు ప్లాన్) సెట్ చేయండి.
2. ఫైల్, ఆప్షన్స్, షెడ్యూల్‌లోకి వెళ్లి ‘యాక్చువల్ కాస్ట్స్ ఆర్ ఆల్వేస్ కాలిక్యులేటెడ్ బై ప్రాజెక్ట్’ టిక్ తీసేయండి. చాలామంది వదిలేసేది ఇదే. టిక్ ఉన్నంతకాలం, పని పూర్తయ్యేదాకా యాక్చువల్ కాస్ట్ గడిలో మీ అంకె పట్టదు.
3. ఖర్చును పని జరిగిన నెలలో వేయండి, బిల్లు తేదీ చూసి కాదు. మార్చిలో వాడిన స్టీలుకు బిల్లు ఏప్రిల్‌లో వచ్చినా అది మార్చి ఖర్చే. రిటెన్షన్ (బిల్లులోంచి కొంత ఆపి ఉంచే సొమ్ము) కోయకముందు మొత్తమే తీసుకోండి. మొబిలైజేషన్ అడ్వాన్స్ (పని మొదలుపెట్టడానికి కాంట్రాక్టరుకు ముందే ఇచ్చే సొమ్ము) కలపొద్దు.
4. స్టేటస్ డేట్ (లెక్క ఏ రోజు వరకో చెప్పే తేదీ) ఆ నెలాఖరుకు పెట్టండి. ఖాళీగా వదిలితే ఇవాళ్టి తేదీ తీసుకుంటుంది, ప్లాన్డ్ వాల్యూ (ఆ తేదీకి ప్లాన్ ప్రకారం అవ్వాల్సిన పని విలువ) తప్పు వచ్చి ఎస్‌పీఐ (ఎర్న్డ్ వాల్యూను ప్లాన్డ్ వాల్యూతో భాగిస్తే వచ్చే అంకె) కూడా పాడవుతుంది.