ఆ ఓటును ఎలా చదవాలి?

ప్రశ్న: మా బిడ్డ అమెరికా పౌరురాలు. విదేశాలకిచ్చే సైనిక సాయం మీద, మానవ హక్కుల ఆంక్షల మీద వాళ్ల కాంగ్రెస్ సభ్యుడు ఎటు ఓటేశాడో ఇక్కణ్నుంచి చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చూడొచ్చమ్మా. కాంగ్రెస్ డాట్ గవ్‌లో బిల్లు నంబరు కొట్టి ‘యాక్షన్స్’ తెరవండి. రోల్ కాల్ నంబరు ఉంటే దాన్ని నొక్కండి, పేరు పేరునా ఓటు కనిపిస్తుంది. ‘వాయిస్ ఓట్’ (నోటితో అవును, కాదు అనడం), ‘యునానిమస్ కన్సెంట్’ (ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదం) అని ఉంటే పేర్లుండవు. పొరబడేది ఇక్కడే. 2020లో చైనాలోని ఉయ్‌గుర్ ముస్లింల హక్కుల బిల్లు ప్రతినిధుల సభలో 413–1తో నెగ్గింది. సెనేట్‌లో యునానిమస్ కన్సెంట్‌తో వెళ్లింది కాబట్టి ఏ సెనేటర్ పేరునా ఓటు నమోదు కాలేదు.

ఇంకో చిక్కు, మూటగట్టిన బిల్లులు. 2024 ఏప్రిల్ 20న ప్రతినిధుల సభ ఉక్రెయిన్ సాయాన్ని 311–112తో, ఇజ్రాయెల్ సాయాన్ని 366–58తో విడివిడిగా ఆమోదించింది. మూడు రోజులకు సెనేట్ అన్నింటినీ కలిపి 79–18తో ఆమోదించింది. ఆ ఒక్క ఓటుతో ఏ దేశం మీద సెనేటర్ మనసేమిటో చెప్పలేం. ఆంక్షలకు ఆధారమైన గ్లోబల్ మాగ్నిట్‌స్కీ చట్టమూ 2016లో రక్షణ బిల్లులో భాగంగానే వచ్చింది.

సాయానికి ‘అవును’ అన్నవాళ్లంతా హక్కులను వదిలేసినట్టు కాదు. ఘోరమైన ఉల్లంఘనలకు పాల్పడిన దళానికి సాయం ఆపాలని లేహీ చట్టం చెబుతోంది. అందుకే సవరణల మీద పడిన ఓట్లూ తప్పక చూడండి, అసలు వైఖరి అక్కడే బయటపడుతుంది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోయే మన పదో షెడ్యూలు లాంటిది అక్కడ లేదు. కాబట్టి ఆ ఓటుకు జవాబు ఆ సభ్యుడినే అడగమని మీ బిడ్డకు చెప్పండి.