ఉప్పు సత్యాగ్రహానికి కదలనివాళ్లు 1947లో ఎందుకు కదిలారు? దీనికి జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: సార్, నేను భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడిని. మా బిడ్డ హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఎంపీసీ చదివింది. మంచి మార్కులే వచ్చినయి. ఎప్‌సెట్ ర్యాంకుకు ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ ఏఐ సీటు వస్తుంది. ఆమె మాత్రం బీఏ హిస్టరీ అంటున్నది. ఫిజిక్స్ రికార్డు వెనక పేజీలో "ఉప్పు సత్యాగ్రహానికి కదలని బ్రిటిష్ వాళ్లు 1947లో ఎందుకు వెళ్లిపోయారు?" అని రాసుకున్నది. జవాబు తెలిస్తే మాత్రం దీనికి జీతం ఎవరిస్తరు సార్? హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది, బీఏతోపాటు ఐఏఎస్ కోచింగ్ ఇచ్చే కాలేజీలో వేయమంటున్నడు. మూడేళ్లకు లక్షలైతయి. సీఎస్ఈ మేలా, ఇది మేలా, పోల్చి చెప్పండి. మాకు నిద్ర పడుతలేదు.

జవాబు: అన్నా, పోల్చి చెప్తాను. అంతకుముందు ఒక మాట. మీ ఉత్తరం నిండా "మా", "మాకు", "మా బావమరిది" ఉన్నాయి. మీ బిడ్డ మాట ఒక్కటే ఉంది. అదీ మీరు ఎగతాళిగా రాసిన చోట. ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చింది ఆ ఒక్కటే.

ప్రతి జూన్‌లో ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. మంచిర్యాల నుంచి, గోదావరిఖని నుంచి, జగిత్యాల నుంచి. ఊరు మారుతుంది, గ్రూపు మారుతుంది, భయం మాత్రం అదే. అందులో రెండు భయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, పెళ్లిలో ఎవరైనా "పాప ఏం చదువుతున్నది?" అంటే "బీఏ" అని ఎట్లా చెప్పాలని. రెండోది, నేను బాయిలో దిగి కష్టపడ్డది బిడ్డ మళ్లీ తిప్పలు పడడానికా అని. రెండో భయానికి నేను దండం పెడతాను. మొదటిదానికి మాత్రం నా దగ్గర మందు లేదు. పెళ్లిలో అడిగేవాళ్లు ఫీజు కట్టరు.

ఇప్పుడు ఆ రికార్డు వెనక ప్రశ్న. మీరు దాన్ని టైంపాస్ అనుకున్నారు కాబట్టి అందులో ఎంత ఉందో చూపిస్తాను.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో సుమారు 60 వేలమందిని జైల్లో పెట్టారు. ప్రభుత్వం చెక్కుచెదరలేదు. 1942లో క్విట్ ఇండియా వచ్చింది. జనం పట్టాలు పీకారు, టెలిగ్రాఫ్ తీగలు తెంపారు, పోలీస్ స్టేషన్లు తగలబెట్టారు. యాభైకి పైగా పటాలాలను దించి దాన్నీ అణిచేశారు. ఉద్యమం పెద్దదైంది కాబట్టి వెళ్లిపోయారని మన పాఠంలో రాసుకుంటాం. అదొక్కటే కారణమైతే 1942లోనే పోవాలి కదా? అయిదేళ్లు ఎందుకు ఆగారు? మీ బిడ్డ పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే.

ఆ అయిదేళ్లలో తారుమారైంది ఖాతా పుస్తకం. 1939లో ఒక ఒప్పందం జరిగింది. భారత సైన్యం దేశం బయట యుద్ధం చేస్తే ఆ ఖర్చు లండన్ భరించాలి. భరించారు, కానీ నగదుగా కాదు, బాకీగా రాసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. అంతకుముందు మనమే వాళ్లకు బాకీ ఉండేవాళ్లం. ఆ బాకీ కాగితాలు చూపించి ఇక్కడ రూపాయలు అచ్చేశారు, ధరలు మండిపోయాయి. 1943లో బెంగాల్ జనం అన్నం లేక చచ్చిపోవడానికి అదీ ఒక కారణం. తినడానికి లేనివాళ్లు చక్రవర్తికి అప్పిచ్చినట్టయింది! యుద్ధం అయ్యాక లండన్ వాళ్లు అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నారు. దాని చివరి కిస్తీ కట్టింది 2006 డిసెంబర్‌లో. హౌసింగ్ లోన్ కట్టేవాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఖజానా ఒక్కటే కాదు, లాఠీ పట్టే చెయ్యి కూడా మారింది. 1945 చివర ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద విచారణ పెడితే దేశమంతా వాళ్ల వైపు నిలబడింది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నావికాదళం సిపాయిలే తిరగబడ్డారు. ఎవరి తుపాకులతో ఇన్నాళ్లూ ఏలారో వాళ్లనే నమ్మలేని స్థితి. (1930లో పెషావర్‌లో గఢ్వాలీ సిపాయిలు కాల్చబోమన్నారు కదా అని మీ బిడ్డ అడ్డుతగలొచ్చు. తగలనివ్వండి. అప్పుడది ఒక దళం, ఇప్పుడు ఓడలకు ఓడలు.) 1947 ఫిబ్రవరి 20న ప్రధాని అట్లీ, 1948 జూన్‌లోగా వెళ్లిపోతామని ప్రకటించాడు. అంతవరకు కూడా ఆగలేకపోయారు.

అయితే అసలు తమాషా ఇక్కడ మొదలవుతుంది. డబ్బు అయిపోతే సామ్రాజ్యం పోతుందని సూత్రం కట్టామనుకోండి. అప్పుడు పశ్చిమ ఐరోపాలో అందరికంటే పేద దేశమైన పోర్చుగల్ అందరికంటే ముందు ఖాళీ చేయాలి. అది అందరికంటే చివరిదాకా పట్టుకుని కూర్చుంది. 1961లో గోవా నుంచి మన సైన్యం వెళ్లగొట్టాల్సి వచ్చింది. అంగోలా, మొజాంబిక్ 1975 దాకా చేతులు మారలేదు. ఫ్రాన్స్ అమెరికా సాయంతో కోలుకుంటూనే వియత్నాంలో 1954 దాకా, అల్జీరియాలో 1962 దాకా నెత్తురు పారించింది. ఒక్క 1960లోనే ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమయ్యాయి, ఎక్కువ చోట్ల తుపాకీ పేలకుండానే. మరి పోర్చుగల్ ఎందుకు వదల్లేదు? అక్కడ ఉన్నది నియంతృత్వం. యుద్ధాలకు ఇంత తగలేస్తున్నారేమని అడిగే ఓటరు లేడు. చివరికి ఆఫ్రికాలో పోరాడి విసిగిన సైనికాధికారులే 1974 ఏప్రిల్ 25న తమ ప్రభుత్వాన్ని కూల్చేశారు. ఖజానా, సిపాయి, ఓటరు, పైనుంచి అమెరికా ఒత్తిడి: ఏది ఎక్కడ ఎంత పని చేసిందో తూకం వేయడమే హిస్టరీ అంటే. తేదీలు బట్టీపట్టడం కాదు.

మీకు ఇంకా దగ్గరి సంగతి. మీరు పనిచేసే కంపెనీ మొదట 1886లో ఇంగ్లండ్‌లో పుట్టిన కంపెనీ. 1945లో హైదరాబాద్ సర్కారు దాంట్లో ఎక్కువ వాటాలు కొనేసింది. సరిగ్గా ఆ ఏడే ఎందుకు కొన్నదో భోజనం దగ్గర మీ బిడ్డను అడిగి చూడండి. హనుమకొండ నుంచి మీ ఊరి బస్సు పరకాల మీదుగానే పోతుంది కదా, అక్కడి అమరధామం ఎన్నిసార్లు దాటి ఉంటారు? 1947 సెప్టెంబర్ 2న, ఢిల్లీలో జెండా ఎగిరి 18 రోజులు దాటాక, అదే జెండా ఎగరేయబోయినందుకు అక్కడ జనాన్ని కాల్చి చంపారు. తెల్లదొర పోయినా మన దగ్గర నిజాం పాలన ఇంకో ఏడాది నడిచింది. సామ్రాజ్యం అన్ని ఊళ్లలో ఒకే రోజు ముగియదని ఆ ఊరు చెప్తుంది.

సరే, మీ బావమరిది మాటకొద్దాం. ఈ "డిగ్రీ ప్లస్ ఐఏఎస్" వ్యవహారం మీద నాకు బాగా అనుమానం ఉంది, దాచుకోను. ఇప్పుడిదే ఫ్యాషన్. హోర్డింగ్ మీద ఎర్రబుగ్గ కారు, కింద ఫీజు వాయిదాలు. లోపల జరిగేది చూడండి. పొద్దున డిగ్రీ క్లాసులు హడావుడిగా ముగిస్తారు, మధ్యాహ్నం బిట్లు, ఆదివారం టెస్టు. సివిల్స్ రాయడానికి 21 ఏళ్లు నిండాలి. 18 ఏళ్లకు బట్టీపట్టిన కరెంట్ అఫైర్స్ అప్పటికి పాత పేపర్ల కింద కిలోల లెక్కన పోతాయి. 2024 పరీక్షకు దాదాపు పది లక్షలమంది దరఖాస్తు చేస్తే చివరికి ఎంపికైంది 1,009 మంది. ఈ లెక్క హోర్డింగ్ మీద ఎందుకు ఉండదు?

ఇంకో సంగతి చెప్తే నవ్వుకుంటారు. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్ సిలబస్‌లో వలస పాలన, దాని అంతం అని స్పష్టంగా ఉంది. అంటే మీరు జీతం రాదన్న ప్రశ్ననే మీ బావమరిది లక్షలు కట్టి చెప్పించమంటున్నాడు. కాకపోతే అక్కడ "వలస సామ్రాజ్యాల పతనానికి కారణాలు" అని అయిదు పాయింట్లు రాయిస్తారు. అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఏది బరువైనదని అడిగితే "సిలబస్ బయట" అంటారు. మీ బిడ్డ అడిగేదే అది. రెండేళ్లు అక్కడ ఉంటే అడగడం మానేస్తుంది.

నేనూ ఒకప్పుడు ఒక పిల్లవాణ్ణి అలాంటి చోటికే పంపాను. తెలివైనవాడు, తండ్రి రైతు. మూడేళ్ల తర్వాత వచ్చినప్పుడు వాడి దగ్గర డిగ్రీ ఉంది, సబ్జెక్టు లేదు, ధైర్యం అంతకంటే లేదు. అప్పటి నుంచి పంపడం మానేశాను.

సీఎస్ఈ సంగతి. పోల్చమన్నారు కదా. ఇష్టపడి కోడింగ్ చేసే పిల్లకు అది మంచి దారి. మీ ఉత్తరంలో ఆమె ఒక్కసారైనా కంప్యూటర్ మాట ఎత్తినట్టు లేదు. ఇష్టం లేకుండా నాలుగేళ్లు, పైగా బ్యాక్‌లాగ్స్, ఆ తర్వాత "ఐటీలో రిక్రూట్‌మెంట్ లేదంట" అనే టెన్షన్. ఏఐ అని పేరు తగిలించినంత మాత్రాన సీటు విలువ పెరగదు. నా పోలిక ఇంతే.

బీఏ చేయనివ్వండి. దోస్త్‌లో, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తులో, హనుమకొండలోని సుబేదారి ఆర్ట్స్ కాలేజీ, వడ్డేపల్లి పింగళి మహిళా కాలేజీ పెట్టుకోమనండి. హిస్టరీతోపాటు ఎకనామిక్స్ తీసుకోవాలి. పైన చెప్పిన పౌండ్ల బాకీ అర్థం కావాలంటే అది తప్పదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఎంఏ హిస్టరీ ఉంది, దానికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈసారి రాయకపోతే వచ్చే ఏడు రాయొచ్చు, లేదా డిగ్రీ అయ్యాక ఎంఏకు పోవచ్చు. బీఈడీ చేస్తే స్కూల్ అసిస్టెంట్ సోషల్, ఎంఏ చేస్తే జేఎల్ (జూనియర్ లెక్చరర్), నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ కొడితే పరిశోధనకు నెలకు 37 వేలు. గ్రూప్స్, లాసెట్, చివరికి సివిల్స్ కూడా ఎటూ పోవు. ఏ డిగ్రీతోనైనా రాసుకోవచ్చు. అప్పటికి చదివినది ఒంటబట్టి ఉంటుంది.

ఒక్క సలహా మాత్రం ఎవరూ చెప్పనిది. ఆమెను ఉర్దూ నేర్చుకోమనండి. నిజాం కాలం కాగితాలు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో గుట్టలుగా ఉన్నాయి. చాలావరకు ఉర్దూ, ఫార్సీ. చదవగల పిల్లలు దొరకడం లేదు. పోటీ తక్కువ ఉన్న దారి చూపించమని అందరూ అడుగుతారు, చూపిస్తే ఎవరూ నడవరు. మీ కాలనీలోనే ఉర్దూ చదవడం వచ్చిన పెద్దమనుషులు ఉంటారు, సాయంత్రం గంట చాలు.

మీరు భయపడుతున్నంత ఏమీ లేదన్నా. ఎంపీసీ చదివి మార్కులు తెచ్చుకుని, తనకేం కావాలో 17 ఏళ్లకే నోరు తెరిచి చెప్పిన పిల్ల రోడ్డున పడదు. నేను చూసినవాళ్లలో దెబ్బతిన్నది నోరు తెరవని పిల్లలే. లాభాల వాటా, దీపావళి బోనస్ దాచిన డబ్బు అలాగే ఉంచండి, ఎంఏకు ఢిల్లీ పోతానంటే అప్పుడు పనికొస్తుంది. బావమరిదికి ఫోన్ చేసి "సీటు వద్దు" అని మీరే చెప్పండి, ఆమెతో చెప్పించకండి.

పోర్చుగల్ ముడి విప్పి చెప్పాను కదా, ఆమెకు ఇప్పుడే చూపించకండి. "డబ్బులేకనే పోయిండ్రు బిడ్డా, ఇందులో ఏమున్నది" అని మామూలుగా అనేసి ఊరుకోండి. ఎన్ని రోజుల్లో తిప్పికొడుతుందో నాకు రాయండి.