ఫిలిప్పీన్స్ మహిళల కోసం పనిచేస్తానంటోంది మా అమ్మాయి... భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతోంది. గృహహింస బాధితులకు ఆశ్రయమిచ్చే సంస్థలో ఫీల్డ్‌వర్క్ వేశారు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది పెళ్లి చేసుకుని ఫిలిప్పీన్స్ నుంచి వెళ్లినవాళ్లేనట. ఇక ఇదే రంగంలో ఉంటానంటోంది. ఉద్యోగాలు ఉంటాయా? ప్రమాదం కాదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ప్రమాదం సంగతే మాట్లాడుకుందాం. మీ భయం ఉత్తది కాదు. 1995 మార్చిలో సియాటెల్ కోర్టు భవనంలో, పెళ్లి రద్దు కేసు విచారణకు వచ్చిన ఒక ఫిలిప్పీన్స్ యువతిని భర్తే కాల్చి చంపాడు. ఆమె అప్పుడు గర్భవతి. తోడు వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్లనూ వదల్లేదు. ఇలాంటి హత్యల తర్వాతే అమెరికాలో 2005 నాటి చట్టం వచ్చింది. దాని ప్రకారం విదేశీ సంబంధాలు కుదిర్చే ఏజెన్సీ, వరుడి నేరచరిత్రను ముందుగా ఆ అమ్మాయికి చెప్పాల్సిందే.

హింసించే భర్తను వదిలి బయటికి వచ్చే సమయమే అన్నిటికంటే ప్రమాదకరం. అందుకే చాలా షెల్టర్లు అడ్రస్ బయటపెట్టవు. మీ అమ్మాయి ఆ అడ్రస్ మీకు కూడా చెప్పకపోతే నొచ్చుకోకండి.

ఇక పని గురించి. ఓదార్చే మనసు ఉంటే చాలనుకుంటారు చాలామంది. చాలదు. అక్కడి ఆడవాళ్లను కట్టిపడేసేది ఎక్కువగా కాగితాలే. పెళ్లయి రెండేళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్లకే చెల్లుతుంది, ఆ తర్వాత దాని మీద ఉన్న షరతులు తీయించుకోవడానికి మామూలుగా భర్త సంతకం కావాలి. ‘మాట వినకపోతే నిన్ను వెనక్కి పంపించేస్తా’ అన్న బెదిరింపుకు అంత బలం అక్కడి నుంచే వస్తుంది. కానీ హింస జరిగిందని చూపిస్తే ఆ సంతకం అక్కర్లేదు. భర్త అమెరికా పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా, 1994 చట్టం ప్రకారం అతనికి తెలియకుండానే హింస పడ్డ భార్య గ్రీన్‌కార్డు కోసం సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. నేరానికి గురై పోలీసులకు సహకరించేవాళ్లకు యు వీసా ఉంది. అయితే అవి ఏడాదికి 10,000 మాత్రమే కాబట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఇవన్నీ ఆమెకు తెలిసే భాషలో, భయం తగ్గేలా చెప్పడమే మీ అమ్మాయి నేర్చుకోవాల్సిన అసలు విద్య.

ఫిలిప్పీన్స్ భాష అంటే టాగలాగ్ ఒక్కటే కాదు, సెబువానో, ఇలోకానో మాట్లాడేవాళ్లూ ఉంటారు. అనువాదానికి భర్త తరఫువాళ్లనో, పిల్లలనో కూర్చోబెట్టకూడదు. వాళ్ల మాటల్లో ‘హియా’ అని ఒకటుంది. మనవాళ్లు ‘నలుగురిలో తలెత్తుకోలేం’ అన్నప్పుడు ఉండే బాధే అది. ఊళ్లో ఆ బాధితురాలి అమ్మానాన్నలు ఆమె పంపే డబ్బు మీద బతుకుతుంటారు. పైగా ముస్లింలకు తప్ప ఫిలిప్పీన్స్‌లో విడాకుల చట్టమే లేదు. విదేశీయుణ్ణి చేసుకున్న ఆమె బయటి దేశంలో విడాకులు తీసుకున్నా, ఫిలిప్పీన్స్ కోర్టు దాన్ని గుర్తిస్తేనే మళ్లీ పెళ్లికి వీలవుతుంది. ఇవేవీ తెలియకుండా ‘ఎందుకు వదిలేయలేదు?’ అని అడిగితే ఆమె మళ్లీ రాదు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. జీతాలు తక్కువ. చిన్న సంస్థలు వీసా స్పాన్సర్ చేయడానికి వెనకాడతాయి కాబట్టి చేరేముందే అడగాలి. కాలిఫోర్నియాలో గృహహింస కౌన్సెలర్‌కు 40 గంటల శిక్షణ తప్పనిసరి. అది ఇప్పుడే పూర్తి చేయమనండి. ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత 3,000 గంటలు పర్యవేక్షణలో పనిచేసి క్లినికల్ లైసెన్స్ తెచ్చుకుంటే ఆసుపత్రుల్లోనూ అవకాశాలుంటాయి. నాకు బాగా నచ్చే దారి ఇంకొకటుంది. లాయరు కాకపోయినా, గుర్తింపు పొందిన సంస్థలో పనిచేస్తూ న్యాయశాఖ అనుమతితో ఇమ్మిగ్రేషన్ కేసులు చూడొచ్చు.

ఈ అనుభవం మనవాళ్లకూ పనికొస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చే వీసా) మీద వెళ్లి హింస పడుతున్న భార్యలు సొంతంగా వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చన్న సంగతి మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, బే ఏరియాలో మైత్రి 1991 నుంచి దక్షిణాసియా మహిళల కోసం పనిచేస్తున్నాయి. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా అమెరికాలో కష్టంలో ఉంటే జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233. దుభాషీ కావాలని అడగొచ్చు.

చివరిగా ఒక్కటమ్మా. ఫోన్‌లో ‘ఈరోజు ఎవరొచ్చారు, ఏం జరిగింది’ అని అడగకండి, తను చెప్పకూడదు. గొంతు మారినట్టు అనిపిస్తే, తన సూపర్‌వైజర్‌తో మాట్లాడిందా లేదా అని మాత్రం అడగండి.