దుబాయ్‌లోని డేరా ప్రాంతంలో హోటల్ బుక్ చేసే ముందు కింది అంతస్తులో ఏముందో కనుక్కోండి

ఇద్దరు పిల్లలు, అత్తగారితో దుబాయ్ వెళ్తున్నామని, డేరాలో ఒక ఫోర్ స్టార్ హోటల్ బాగా చవగ్గా కనిపిస్తోందని, అది తీసుకోవచ్చా, లేక దుబాయ్ పక్కనే ఉన్న షార్జాలో దిగితే మేలా అని అడిగారు. సరిగ్గా మీలాంటి బలగంతోనే మేమూ వెళ్ళాం, అలాంటి హోటల్లోనే దిగాం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

డేరా ప్రాంతం మంచిదే. గోల్డ్ సూక్ (బంగారం బజారు), మసాలా బజారు దగ్గర, మెట్రో ఉంది, ఒక్క దిర్హాముకి అబ్రా అనే పడవ ఎక్కితే క్రీక్ (ఊరి మధ్య ఉన్న ఉప్పునీటి పాయ) అవతల బర్ దుబాయ్‌లో శాకాహార భోజనానికి లోటు లేదు. చిక్కంతా హోటల్‌తోనే. మేం బుక్ చేసినప్పుడు ఫోటోల్లో లాబీ, స్విమ్మింగ్ పూల్, తెల్లటి దుప్పట్లు కనబడ్డాయి. గది రెండో అంతస్తులో ఇచ్చారు. పిల్లలు నిద్రపోయాక, రాత్రి పదకొండు దాటాక, కింద నుంచి డ్రమ్స్ మొదలయ్యాయి. మా అత్తయ్య "ఎవరిదో పెళ్ళి ఊరేగింపులా ఉంది, కాసేపట్లో సాగిపోతుందిలే" అన్నారు. అది సాగిపోయే రకం కాదు. తెల్లవారుజామున మూడు దాకా మంచం అదురుతూనే ఉంది.

దుబాయ్‌లో చాలాకాలం పాటు మద్యం లైసెన్సులు ఎక్కువగా హోటళ్ళకే దక్కేవి. అందుకని డేరా, బర్ దుబాయ్‌లలోని పాత హోటళ్ళు చాలావాటిలో బార్లు, నైట్‌క్లబ్బులు అదే భవనంలో ఉంటాయి. మేం దిగినదాంట్లో హిందీ పాటలకి ఒకటి, ఫిలిప్పీన్స్ బ్యాండ్‌కి ఒకటి, వేర్వేరుగా ఉన్నాయి. గది అద్దె అంత తక్కువ ఎందుకో అప్పుడర్థమైంది. శబ్దం కన్నా మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది లిఫ్టు. క్లబ్బుకి వచ్చేవాళ్ళూ మేమూ ఎక్కేది అదే. ఒక రాత్రి బయటి నుంచి తిరిగొస్తుంటే తూలుతున్న ఇద్దరు మగవాళ్ళు లోపలికి వచ్చేశారు. అత్తయ్య మా పాపని వెనక్కి లాక్కుని, అంతస్తు వచ్చేదాకా గోడకేసి చూస్తూ నిలబడ్డారు. నాన్ స్మోకింగ్ అని రాసి ఇచ్చిన గదిలో కూడా కారిడార్ నుంచి సిగరెట్ వాసనే.

రిసెప్షన్‌లో అడిగితే "ఫుల్లీ బుక్డ్ మేడమ్" అన్నమాట తప్ప ఇంకోటి రాలేదు. గది ఖాళీ చేస్తాం, మిగతా రోజుల డబ్బులివ్వండి అంటే బుకింగ్ సైట్‌ని అడగమన్నారు. సైట్ వాళ్ళకి ఫోన్ చేస్తే, మీరు తీసుకున్నది నాన్ రిఫండబుల్, హోటల్ ఒప్పుకుంటేనే ఏదైనా చెయ్యగలం అన్నారు. ఇలా వీళ్ళ మీద వాళ్ళు, వాళ్ళ మీద వీళ్ళు. చివరికి దారి చూపింది గది శుభ్రం చేయడానికి వచ్చిన అబ్బాయి. మేం మాట్లాడుకునేది విని నవ్వాడు, నిజామాబాద్ దగ్గర ఊరట. "అక్కా, వెనకదిక్కు, పై అంతస్తుల అడుగుండ్రి. మేనేజర్ పొద్దుగాల ఎనిమిదింటికి వస్తడు, గప్పుడే అడుగుండ్రి" అన్నాడు. అలాగే పొద్దున్నే మేనేజర్‌ని పట్టుకున్నాం. ఫుల్లీ బుక్డ్ హోటల్లో పై అంతస్తున గది దొరికింది! శబ్దం తగ్గింది. లిఫ్టు బాధ మాత్రం చివరిదాకా తప్పలేదు.

ఇక్కడో మాట. మావారికి కోపం వస్తే గొంతు పెరుగుతుంది. అక్కడ అది పనికిరాదు. యూఏఈలో ఒకరిని తిట్టడం నేరం, వాట్సాప్‌లో తిట్టినా నేరమే. 2021లో తెచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో పరువు తీసేలా రాసినా, అనుమతి లేకుండా మనుషుల ఫోటోలు తీసి పెట్టినా కేసు పెట్టొచ్చు. గదిని ఎంతైనా ఫోటో తీసుకోండి, రిసెప్షనిస్టు ముఖం మీద ఫోన్ పెట్టకండి. నిజంగా భయపడాల్సిన పరిస్థితి వస్తే దుబాయ్ పోలీసుల్లో టూరిస్టుల కోసమే ఒక విభాగం ఉంది. అత్యవసరం కాని విషయాలకు 901కి ఫోన్ చేయొచ్చు.

డిపాజిట్ కథ వేరే. చెకిన్‌లో కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు, ఇది అక్కడ మామూలే. దీనికి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డో, ముందే డబ్బు నింపుకునే ఫోరెక్స్ కార్డో ఇస్తే మీ ఖర్చు డబ్బే ఇరుక్కుపోతుంది, వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. చెకవుట్ రోజున మొదటి గదిలో కార్పెట్ మీద సిగరెట్ కాలిన మచ్చ ఉందని, దానికి డిపాజిట్‌లో కోత పెడతామని అన్నారు. మా ఇంట్లో అగరబత్తి తప్ప ఇంకేమీ వెలిగించం. మా అదృష్టం, దిగిన గంటలోనే మావాడు విజయవాడలో ఉన్న బావకి చూపించాలని గదంతా తిప్పుతూ వీడియో తీశాడు. "ఇది మా ఫ్రిజ్జు, ఇది మా బాత్రూము" అని వాడు చెప్తుంటే, మంచం పక్కన ఆ మచ్చ స్పష్టంగా పడింది. వీడియో చూపించాక మేనేజర్ ఇంకేం మాట్లాడలేదు.

బిల్లులో టూరిజం దిర్హామ్ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది మోసం కాదు, 2014 నుంచి వసూలు చేస్తున్న ప్రభుత్వ రుసుము. త్రీ స్టార్‌కి గదికి రాత్రికి 10 దిర్హాములు, ఫోర్ స్టార్‌కి 15, ఫైవ్ స్టార్‌కి 20. చాలాసార్లు సైట్‌లో చూపించే అద్దెలో కలవదు, అక్కడ కట్టాలి.

మీరు చూస్తున్న హోటల్ రివ్యూల్లో మ్యూజిక్, క్లబ్, నాయిస్ అనే మాటలు వెతకండి. మ్యాప్‌లో హోటల్‌ని దగ్గరగా పెద్దది చేస్తే అదే భవనంలోని బార్ల పేర్లు కనిపిస్తాయి. అనుమానం ఉంటే మెయిల్ పెట్టి అడగండి, జవాబు రాతలో ఉంటుంది. మద్యం అమ్మని హోటళ్ళు డేరాలోనే కొన్ని ఉన్నాయి. అత్తగారు బయటి తిండి తినకపోతే దుబాయ్‌లోనే కరామా, అల్ బర్షా వైపు వంటగదితో దొరికే హోటల్ అపార్ట్‌మెంట్లు చూడండి, ఈసారి వెళ్తే మేం అక్కడే.

షార్జాలో మద్యం పూర్తిగా నిషేధం కాబట్టి ఈ గోల అసలు ఉండదు, అద్దె కూడా తక్కువ. కానీ అక్కడికి దుబాయ్ మెట్రో లేదు. సాయంత్రం బుర్జ్ ఖలీఫా చూసి తిరిగొచ్చేటప్పుడు దుబాయ్‌ని, షార్జాని కలిపే అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో చిక్కుకుంటే, అద్దెలో మిగిలింది టాక్సీకి పోతుంది. రోజూ దుబాయ్‌లోనే తిరిగే ప్లాన్ అయితే నేను షార్జా వద్దనే అంటాను. బంధువులు అక్కడ ఉండి, వాళ్ళ కారు ఉంటే సరే.